నిండు కుండ, ఖాళీ కంచం

ఇసకపాలెం, బారువ దగ్గర
జూన్ నెలాఖరు

వైదేహీ,

బాగున్నావా అని అడగను. నిన్న మా ఆయన కామేశ్ ఫోనులో నీ గొంతు విన్నాను, బ్రహ్మాండంగా ఉన్నావు. ఈ మాట ఫోనులోనే చెప్పొచ్చు కదా అంటావు. చేస్తే "మీటింగులో ఉన్నానే, మళ్ళీ చేస్తా" అంటావు, ఆ మళ్ళీ రాదు. టెక్కలి హాస్టల్లో చదివే రోజుల్లో సెలవులకి ఇళ్ళకి పోయి ఒకరికొకరం రాసుకునేవాళ్ళం చూడు, ఆ పద్ధతే నయం. ఉత్తరంలో నా మాటకి నువ్వు అడ్డు రాలేవు.

మీ నేలగింజ వేదిక వాళ్ళు తీసిన సినిమా చూశాం. జన్యుమార్పిడి పంటలు మన దేశంలోకి రాకూడదని చెప్పడానికి తీస్తున్నామని నువ్వు ముందే చెప్పావు. మంచిదే. అందులో మా అమ్మని పెట్టారు, అదీ మంచిదే. కాని ఆ తెర మీద కూర్చున్నామె మా అమ్మేనా అని నాకు పెద్ద అనుమానం.

మాది స్లాబు ఇల్లు, తుపాను తర్వాత కట్టుకున్నాం. మీ కెమెరా అతనికి స్లాబు నచ్చలేదు. వలలు దాచుకునే తాటాకు పాకలో అమ్మని కూర్చోబెట్టి ఇదే ఇల్లన్నారు. ఆ పాకలో మేమెవరం పడుకోం, ఎలుకలు పడుకుంటాయి. మట్టికుండ మా ఇంట్లో ఉందా? అప్పలరాజు బావ అత్తవారింటి నుంచి అరువు తెచ్చారు. చేటలో వడ్లు పోసి చెరగమన్నారు. "విత్తనాన్ని కన్నబిడ్డలా దాచుకున్న తల్లి" అన్నారు. మాది సముద్రం మీద వేటకెళ్ళే ఇల్లమ్మా. అమ్మ దాచుకున్నవి ఎండుచేపలు. పొలం గట్టెక్కితే అవి అమ్ముకోవడానికి కంచిలి వెళ్ళేటప్పుడు ఎక్కిందేమో, అంతే. ఇక ఆ చోడి అంబలి, మీరు రాగి జావ అంటారే అది, ఆమె చేత ఎన్నిసార్లు తాగించారో నాకు లెక్క లేదు. మీ వాళ్ళు బండి సర్దుకుంటుంటే మనం లోపల రేషన్ బియ్యం అన్నం, కోడిగుడ్ల పులుసు తిన్నాం. నువ్వు పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నావు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వు రానిది ఒకటుంది. డయాలసిస్ సూదులు గుచ్చి గుచ్చి అమ్మ ఎడం చెయ్యి తాడు చుట్టినట్టు ఉబ్బిపోయింది. దాని మీద పైట కప్పుకోమన్నది నువ్వే. పక్కనే ఉన్నాను, విన్నాను. తర్వాత సినిమాలో "ఈ తల్లికి ఆసుపత్రి గుమ్మం తెలియదు, ఆమె తిన్న పాత తిండే ఆమె ఆరోగ్యం" అంటుంది ఒక గొంతు. ఆ గొంతు నీది. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి పలాస వెళ్ళి మిషన్ మీద పడుకునే మనిషి గురించి ఆ మాట నీ నోట ఎలా వచ్చింది?

ఇలా రాశానని అమ్మతో అనకు. ఆమె ఆ సినిమా చూసి చిన్నపిల్లలా మురిసిపోతోంది.

నీ
కుసుమ


హైదరాబాదు
జూలై, రెండో వారం

కుసుమా,

నీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపిద్దామని నవ్వుతూ మొదలుపెట్టాను. ఎడం చెయ్యి దగ్గరకొచ్చేసరికి మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

కుండ అరువుదే. పాక మీ ఇల్లు కాదు. కోడిగుడ్ల పులుసు నేరం కూడా ఒప్పుకుంటున్నాను. కాని ఒక్కటి ఆలోచించు. జన్యుమార్పిడి పంటలకి తలుపులు బార్లా తెరిస్తే రేపు విత్తనం ఎవరి చేతిలో ఉంటుంది? రైతు ఏటేటా కంపెనీ గుమ్మం ముందు నిలబడాలి. ఇది పదిమందికి ఎక్కాలంటే అంకెలు పనికిరావు, ఒక ముఖం కావాలి. సన్యాసమ్మ పిన్ని అంబలి గిన్నె పట్టుకుని నవ్వుతుంటే, ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్ద అధికారి తన నాయనమ్మ గుర్తొచ్చిందని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఒక్క నవ్వు మా పదేళ్ళ కరపత్రాలు చేయలేని పని చేసింది.

నీకు అతిశయోక్తి అనిపిస్తుందేమో కాని, మీ ఊళ్ళో ఆ పూట నాకు కలిగిన శాంతి ఇక్కడ ఏడాది మొత్తంలో దొరకదు. ఇక్కడ అన్నీ ఉన్నాయి, తృప్తి లేదు. అక్కడ ఏమీ లేకపోయినా ఒక ఎండుచేప ముక్కతో, ఒక గిన్నె అంబలితో జీవితం నిండిపోతుంది. మీరు దాన్ని పేదరికం అంటారు. నాకు మాత్రం అది మేం పోగొట్టుకున్న సంపదలా కనిపించింది.

చెయ్యి సంగతి. జబ్బు చూపిస్తే చూసేవాళ్ళ కళ్ళన్నీ జబ్బు మీదకే పోతాయి, తిండి సంగతి మరుగున పడుతుంది అన్నాడు మా ఉమామహేష్. సినిమా తీసింది అతనే. నాకూ సబబే అనిపించింది. ఆసుపత్రి వాక్యం నేను రాసింది కాదు, గొంతు మాత్రమే నాది. చదివేటప్పుడు ఒక్క క్షణం తడబడ్డాను. మళ్ళీ చదవమన్నారు, చదివాను.

పిన్ని బొమ్మతో పెద్ద పోస్టరు వేశాం. ఒకటి పంపుతున్నాను, గోడకి పెట్టండి. పలాసలో నాన్నగారికి పంపితే "మన సన్యాసమ్మే" అని పొంగిపోయారు. మీ ఊరి బడిలో పాఠాలు చెప్పిన రోజులు, చెట్టుకింద కూర్చుని ఊరందరికీ అర్జీలు రాసిపెట్టిన రోజులు గంటసేపు చెప్పారు.

పిన్నికి నా నమస్కారాలు.

వైదేహి


ఇసకపాలెం
ఆగస్టు

వైదేహీ,

పోస్టరు వచ్చింది. ముందు గదిలో, దేవుడి పటాల వరసలోనే పెట్టించింది అమ్మ. దేవుళ్ళకి దండలున్నాయి, తనకి లేదని వెలితి పడకుండా మొన్న దాని చుట్టూ రంగుల బల్బుల తీగ కూడా వేయించింది. అప్పలరాజు బావ వచ్చి చూసి, "ఏటత్తా, ఎలచ్చన్లలో నిలబడతన్నావేటి?" అని ఏడిపించాడు. "నాను నిలబడితే నీకు ఓటు లేదురా" అంది. ఇంట్లో అంత నవ్వు విని చాలా కాలమైంది.

ఇంతవరకే అయితే నేను కాగితం ముందు కూర్చునేదాన్ని కాదు.

మా ఉద్దానం సంగతి నీకు తెలుసు, అయినా తెలిసినట్టు ఉండవు కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ మనుషులకి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. నీళ్ళన్నారు, పొలాల మందులన్నారు, ఎండన్నారు. వచ్చినవాళ్ళందరూ సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు, రక్తం పట్టుకెళ్ళారు. మళ్ళీ వచ్చి ఇదీ కారణం అని చెప్పినవాడు లేడు. జబ్బు కంటే అది పెద్ద బాధ మా వాళ్ళకి. పక్కనున్నవాడికి రాకుండా నాకే ఎందుకొచ్చింది, నేను చేసిన పాపం ఏమిటి అని కుమిలిపోతారు. అలాంటి చోట కారణం చెప్పినవాడు దేవుడు.

అమ్మకి ఇప్పుడు కారణం దొరికింది. నువ్వు చెప్పావట.

నువ్వు చెప్పలేదని నాకు తెలుసు. సినిమాలో కొత్త విత్తనం ఒంటికి ఏ చేటు తెస్తుందో ఎవరూ చెప్పలేరన్నావు. పాత తిండే ఆరోగ్యం అన్నావు. అమ్మ ఆ రెండింటినీ కలిపి ముడేసింది. రేషన్ బియ్యంలో ఈమధ్య తెల్లగా, నున్నగా వేరే గింజలు కలిసి వస్తున్నాయి. నీళ్ళల్లో వేస్తే తేలుతాయి. ఊళ్ళో కొందరు ప్లాస్టిక్ అంటారు. అమ్మ చూసి, "ఇదేనే ఆ మార్సిన బియ్యం. ఇదే మన కిడ్నీలు తినేసింది" అంది. ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం ముట్టడం లేదు. చోడి అంబలి, ఎండుచేప. డాక్టరు ఆ రెండూ తగ్గించమని ఎన్నిసార్లు చెప్పాడో నాకే విసుగొచ్చింది. ఎండుచేపలో ఉప్పు ఆమెకి విషం.

కిందటి శుక్రవారం డయాలసిస్‌కి వెళ్ళలేదు. "వారానికి ఒక్కపాలి సాలు, ఒంట్లో బాగుంది" అంది. నిజంగానే ముఖం తేటగా ఉంది. నమ్మకం మనిషి ముఖాన్ని అలా చేస్తుందేమో. నాకు భయంగా ఉంది.

నేను చెబితే వినదు. "నీకేటి తెలుసు, మాస్టారి పాప అబద్దమాడదు" అంటుంది. నువ్వు ఒక్క ముక్క రాసి పంపు. మా రేషన్ బియ్యం ఆ జన్యువు మార్చిన బియ్యం కాదు అని. అంబలి మందు కాదు అని. అంతే. ఫోనులో చెబితే మర్చిపోతుంది, రాసిందయితే పదిమందికి చూపిస్తాను.

కుసుమ


హైదరాబాదు
ఆగస్టు చివర

ప్రియమైన కుసుమా,

పిన్ని గురించి చదివి చాలా ఆందోళన పడ్డాను. డయాలసిస్ మానకూడదని నా మాటగా గట్టిగా చెప్పు. ఆహారం విషయంలో వైద్యుల సలహా పాటించడం ఎప్పుడూ మంచిది.

నువ్వడిగిన ముక్క అంత తేలిక కాదు. ఆ తెల్ల గింజల విషయంలో మా వేదికకి వేరే అభ్యంతరాలున్నాయి. జనం తిండిలో వాళ్ళనడగకుండా ఏదైనా కలపడం సరైనదేనా అన్నది పెద్ద ప్రశ్న. వచ్చే నెల విశాఖపట్నంలో జన్యుమార్పిడి పంటల మీద బహిరంగ విచారణ ఉంది. అక్కడ పిన్ని సినిమా వేస్తున్నాం. ఈ సమయంలో "ఈ బియ్యంలో ఏమీ లేదు" అని వేదికలో పనిచేసే మనిషి సంతకంతో కాగితం బయటికి వెళితే అవతలివాళ్ళు దాన్నే పట్టుకుని ఊరేగిస్తారు. రాతపూర్వకంగా ఏమీ ఇవ్వొద్దని ఉమామహేష్ అన్నాడు. విచారణ అయిపోనీ, నేనే వచ్చి పిన్ని పక్కన కూర్చుని అన్నీ చెబుతాను.

ఇంకో సంగతి. విచారణకి పిన్నిని తీసుకురాగలవా? కారు పంపుతాం. వేదిక మీద రెండు మాటలు మాట్లాడితే చాలు. సినిమాలో కట్టిన ఆ పాత నేత చీరే కట్టుకోమను.

వైదేహి


ఇసకపాలెం
సెప్టెంబరు

వైదేహి గారికి,

పాము చావకుండా కర్ర విరగకుండా రాయడం ఎక్కడ నేర్చుకున్నారు? మీ నాన్నగారు అర్జీ రాస్తే అమీను దగ్గర నుంచి కలెక్టరు దాకా ఒక్కటే అర్థం వచ్చేది.

"వైద్యుల సలహా పాటించడం మంచిది" అన్న మాట అమ్మకి చదివాను. "అవును మరి, పెద్ద సదువు సదివిన గుంట, మర్యాదకి అలాగే రాత్తది" అంది. తర్వాత చీర మాట చదివాను. అది బాగా అర్థమైంది. పెట్టె తీసి ఆ చీర ఉతికి ఆరేసింది.

మంగళవారం కూడా మానేసింది. ఢిల్లీరావు ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగింది. మా వీధి నుంచి డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళంతా అందులోనే వెళతారు. పక్కింటి అమ్ములు అప్పటికే లోపల కూర్చుని ఉంది. దానిది నా వయసు, పిల్లలు బడికి పోయే వయసు. అమ్మ గడప మీద కూర్చుని లేవలేదు.

"నానెల్లను. మీరెల్లండి."

"ఎందుకెళ్ళవు?" అన్నాను.

"ఎందుకెల్లాలి? ఇన్నేళ్ళ బట్టి ఎల్లినాను. బాగైనానేటి? మిషను మీంచి లేచిన రోజు నాను మనిసిని కానే కుసుమా. కళ్ళు తిరిగి, కాళ్ళు పీకి, పీనుగులాగ పడుంటాను. ఇప్పుడు సూడు. పొద్దున్న ముగ్గేసినాను."

కామేశ్ వచ్చి చేతులు పట్టుకున్నాడు. "అత్తా, నువ్వెల్లకపోతే ఊపిరాడదు. డాట్రు సెప్పినాడు కదా."

"డాట్రుని అడిగినాను అల్లుడూ, ఎందుకొచ్చిందయ్యా ఈ జబ్బు అని. తెలీదన్నాడు. తెలీనోడి మాటినాలా, తెలిసినోల్ల మాటినాలా?"

ఆటో వెళ్ళిపోయింది. అమ్ములు వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

మీకు ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను.

ఇంకొకటి కూడా చెప్పి ముగిస్తాను. మీ పోస్టరు చూసి మీ అవతలివాళ్ళు కూడా వచ్చారు. రవిశంకర్ అట, సస్య విజ్ఞాన మండలి అట. జన్యుమార్పిడి వరి వస్తేనే పేదవాడి ఆకలి తీరుతుందని వాళ్ళ వాదం. పెద్దమనిషిలాగే ఉన్నాడు, చెప్పులు బయటే విడిచాడు. ఆయన కెమెరాకి కూడా మా స్లాబు నచ్చలేదు. అదే పాకలోకి వెళదామన్నాడు. అమ్మని ఖాళీ కంచం ముందు కూర్చుని ఎటో చూడమన్నాడు. అమ్మకి కోపం వచ్చింది. "మా ఇంట్లో తిండికి లోటేటి బాబూ?" అని లేచి వచ్చేసింది. మీకు నిండు కుండ కావాలి, ఆయనకి ఖాళీ కంచం కావాలి. ఇద్దరికీ మా పాకే కావాలి. ఆమె ఏం తింటుందో, ఆమెకి ఏం కావాలో అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

ఆమెకి కావలసింది మీ దగ్గరుంది. ఒక్క ముక్క. మీ విచారణ కోసం దాచుకున్నారు.

కె. కుసుమ


హైదరాబాదు
సెప్టెంబరు, మూడో వారం

కుసుమా,

నన్ను గారు అన్నావు.

నిన్న పిన్నికి ఫోను చేశాను. "బాగున్నావా పాపా, అంబలి తాగతన్నాను, నాకేటీ భయం లేదు" అని నా మాట వినకుండానే పెట్టేసింది. రొప్పుతూ మాట్లాడింది. అందుకని నువ్వడిగిన ముక్క రాస్తున్నాను. స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఉమామహేష్‌కి చెప్పలేదు, చెబితే ఆపుతాడు. కింద రాసింది పిన్నికి. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చదివి వినిపించు.

సన్యాసమ్మ పిన్నికి, యజ్ఞనారాయణ మాస్టారి కూతురు వైదేహి నమస్కరించి రాసేది.

మీ రేషన్ బియ్యం జన్యువులు మార్చిన బియ్యం కాదు. అలాంటి బియ్యం మన దేశంలో ఏ దుకాణంలోనూ అమ్మడం లేదు. ఆ తెల్ల గింజలు రక్తం పట్టడానికి ప్రభుత్వం కలిపే బలం గింజలు. నీ జబ్బు ఆ బియ్యం వల్ల వచ్చిందని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నీ జబ్బు ఎందుకొచ్చిందో నాకు తెలియదు పిన్నీ. తెలిసినట్టు మాట్లాడాను. అంబలి మంచి తిండే, కాని నీ జబ్బుకి మందు కాదు. ఎండుచేప నీకు చెడు. సినిమాలో నీకు ఆసుపత్రి తెలియదన్న మాట అబద్ధం. ఆ అబద్ధం నా గొంతుతో చెప్పాను. నువ్వు డయాలసిస్ మానేస్తే బతకవు. ఈ ఉత్తరం వినగానే లేచి ఆటో ఎక్కు. నా మీద ఒట్టు.

కుసుమా, ఈ వారం విచారణ. అది కాగానే బయలుదేరి వస్తాను. అప్పటికి పిన్ని ఆసుపత్రిలో ఉండాలి. ఏమైందో వెంటనే చెప్పు.

నీ
వైదేహి


ఇసకపాలెం
అక్టోబరు

వైదేహీ,

అమ్మ పోయిందని కామేశ్ ఆ రోజే ఫోనులో చెప్పాడు. నువ్వు ఏడ్చావని చెప్పాడు. నేను మాట్లాడలేదు, మాట్లాడే ఓపిక లేక. నీ మీద కోపంతో కాదు. కోపం ఉన్నన్నాళ్ళు నాకు బలంగా ఉండేది, ఇప్పుడు అదీ లేదు.

నీ ఉత్తరం గురించి నీకు తెలియాలి. అది సమయానికే వచ్చింది. ఆలస్యం చేశాననే బాధ నీకు ఉంటే ఆ బాధ వద్దు, దాని వల్ల ఏమీ తేడా రాలేదు.

పొద్దున్నే వచ్చింది. అమ్మ పాదాలు అప్పటికే బాగా పొంగాయి, పడుకుంటే ఆయాసం, గోడకి ఆనుకుని కూర్చునే ఉంది. కామేశ్‌ని, అప్పలరాజు బావని, అమ్ములుని కూడా పిలిచి అందరి ముందూ చదివాను. ఒక్క అక్షరం వదలలేదు. అమ్మ శ్రద్ధగా విన్నది. నేను మనసులో అనుకున్నాను, ఇక లేస్తుంది అని.

"పాపం," అంది.

"ఏమిటి పాపం?"

"ఆ గుంటని ఎవులో బెదిరించినారే. పెద్ద పెద్ద కంపినీలోల్లు. నిజం సెప్పినాదని పీక మీద కూకుని రాయించినారు. లేకపోతే మాస్టారి కడుపున పుట్టిన పిల్ల నాను అబద్దమాడినానని సొంత సేత్తో రాసుకుంతదేటి?"

"కాదమ్మా. ఇదే నిజం. సినిమాలోదే అబద్ధం."

"నవ్వుతా సెప్పిన మాట అబద్దమా, ఏడుస్తా రాసిన మాట నిజమా? నీకు మనుసులు తెలీరు కుసుమా." మళ్ళీ కాసేపటికి, "నాను ఆసుపత్రికెల్తే ఆల్లు గెలిసినట్టు. ఆ గుంట పడ్డ కట్టమంతా నీల్లలో పోద్ది. నానెల్లను. దానికి మాటొచ్చే పని నాను సెయ్యను" అంది.

అర్థమైందా నీకు? నీకు మాట రాకూడదని వెళ్ళలేదు. నిన్ను కాపాడుతున్నాననుకుంది.

తర్వాత మళ్ళీ మళ్ళీ చదివాను. చదివిన కొద్దీ నీ మీద ఆమెకి జాలి పెరిగింది తప్ప ఇంకేమీ కాలేదు. మీ నాన్నగారి చేత చెప్పిద్దామని పలాస వెళ్ళాడు కామేశ్. మాస్టారు పాపం చేతికర్ర పట్టుకుని వచ్చారు. అమ్మ ఆయన్ని చూసి లేవబోయింది, లేవలేకపోయింది. "మాస్టారూ, పాపని జాగర్తగా సూసుకోండి. హైదరాబాదు మంచిది కాదు" అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఈ సంగతి నీకు ఆయన చెప్పి ఉండరు.

చివరి రోజు ఆమెని అడగలేదు. స్పృహ సరిగా లేదు, ఎత్తి ఢిల్లీరావు ఆటోలో పడుకోబెట్టాం. నా ఒళ్ళో తల. ఊపిరి కోసం నీళ్ళల్లోంచి తీసిన చేపలా కొట్టుకుంది. హరిపురం దాటాక కొట్టుకోవడం ఆగింది. కామేశ్ ఆటో ఆపొద్దు పోనీ పోనీ అంటూనే ఉన్నాడు. పలాసలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, నన్నే చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మీ వేదిక వాళ్ళు సంతాపం పంపారు, పెద్ద అక్షరాలతో, అదే బొమ్మతో. "చివరి శ్వాస వరకు మన తిండినే నమ్ముకున్న తల్లి" అని రాశారు. తప్పు పట్టడానికి అందులో ఒక్క అక్షరం లేదు. రవిశంకర్ గారు కూడా పలకరించడానికి వచ్చారు. మంచి తిండి లేక పోయిందని రాసుకోవచ్చా అని మర్యాదగా అడిగారు. కామేశ్ ఆయన చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు.

మీ విచారణలో మీరు గెలిచారని విన్నాను. ఏం గెలిచారో నాకు తెలియదు. మంచిదే అయి ఉంటుంది. నువ్వు ఆ ఉద్యోగం మానేస్తానని కామేశ్‌తో అన్నావట. మానినా, మానకపోయినా ఇక్కడ ఏమీ మారదు, కాబట్టి నీకు ఏది సుఖమో అది చెయ్యి.

ఇక నీకు అసలు రాయాలనుకున్నది.

పదకొండో రోజు అయ్యాక అమ్ములు వచ్చింది. అమ్మ అంబలి ఎలా కాసేదో, చోళ్ళు నానబెట్టేదా, మొలకెత్తించేదా అని అడిగింది. ఎందుకే అన్నాను. మిషన్ మానేస్తానంది.

"పిచ్చిదానా, అమ్మ ఎలా పోయిందో చూశావు కదా" అన్నాను.

"సూసినాను వదినా. మిషను మానీసినాక అత్త ముగ్గేసింది, నవ్వింది, బట్టలుతుక్కుంది. మంచిగానే ఉంది. ఆసుపత్రికి తీసుకెల్తంటే తోవలో పోయింది. మీరు తీసుకెల్లకుండా ఉండాల్సింది."

నీ ఉత్తరం తెచ్చి మళ్ళీ చదివాను. చదువుతుంటే అది నా వైపు చూడలేదు. అయ్యాక, "అత్త సెప్పింది కదా ఎవులో రాయించినారని" అంది. దాని పిల్లల పేర్లు చెప్పి బతిమాలాను. తిట్టాను. అమ్మకి చెప్పిన మాటలే చెప్పాను, అమ్మ అన్న మాటలే అది అన్నది. గోడ మీద బొమ్మ పీకి చింపేశాను. చింపితే అది భయపడింది. కంపెనీవాళ్ళు నన్ను కూడా కొనేశారేమో అన్నట్టు చూసింది.

రేపు చోళ్ళు తెస్తాను, విసిరిపెట్టు వదినా అని చెప్పి వెళ్ళింది. నేను తలుపు తీయను. తీయకపోతే వెనకింటికి వెళుతుంది. వాళ్ళింట్లోనూ తిరగలి ఉంది.

కుసుమ